అమ్ముగూడ బలరాం ముచ్చట

ఏందిరా అబ్బాయ్, మీ అమెరికా ఫుట్‌బాలు, అది బంతాటా, కొట్లాటా? పొద్దున చీకటితోనే నువ్వు ఫోను ముందేసుకుని కూర్చుంటే నేనూ పక్కన చేరి కాసేపు చూశా. తలకాయలకు ఇనప టోపీల్లాంటివి, భుజాలకు దిండ్లు. ఒకడు కోలగా ఉన్న బంతి చంకన పెట్టుకుని ఉరుకుతాడు, నలుగురు మీదపడి వాణ్ణి మట్టి కరిపిస్తారు. నాకైతే మన చెడుగుడు ఆడేవాళ్ల చేతికి బంతి ఇచ్చినట్టుంది. 4 సార్లలో 10 గజాలు ముందుకు పోవాలి తాతయ్యా, లేకపోతే బంతి అవతలోళ్లకు పోద్ది అని నువ్వు లెక్క చెప్పావు. అది అర్థమయింది. ఆ ఉరికేవాడికి ఏడాదికి కోట్లకు కోట్లన్నావు చూడు, ఆ మాటే రాత్రయినా బుర్రలో తిరుగుతా ఉంది. అట్టా ఎన్నేళ్లు ఆడతార్రా అంటే, మూడు నాలుగేళ్లు ఆడితే గొప్పంటివి.

ఆ పత్తికట్టె ఇంకో నాలుగు ఎయ్. ఒసే అమ్మాయ్, నువ్వూ ఇటు జరుగు, పొగ అటేపు కొడతా ఉంది. కోట్లు లేని రోజుల్లో బంతాట ఆడినోడి ముచ్చట ఒకటి చెప్తా. ఇది మన పల్నాటోడి కథ కాదు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అని ఉంది, ఆ ఊరోడు. పేరు తులసీదాస్ బలరాం.

ఆ పేరు నా చెవినెట్టా పడిందంటే, నేను 58లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరా. అప్పటికి మీ నాయన పుట్టనే లేదు. ఇప్పుడు నడికుడిలో ఎక్కితే హైదరాబాదులో దిగుతున్నారు గదా, ఆ లైను 89లో పడింది. మా రోజుల్లో మాచర్ల బండే దిక్కు. చిన్న పట్టాల మీద కూకూమంటా గుంటూరు పోయేది. అక్కణ్ణించి బెజవాడ, బెజవాడనించి కాజీపేట, అట్టా చుట్టూ తిరిగి చేరేవాళ్లం. దిగేసరికి చొక్కా బొగ్గు మసి. నాగార్జునసాగర్ కట్టటానికి అప్పుడే రాళ్లు పగలగొడతా ఉన్నారు, మా ఈడు కుర్రాళ్లు సగంమంది ఆ డ్యాం పనికి పోయారు. నేను మటుకు రైలెక్కా.

లాలాగూడలో రెండే మాటలు. పనిలో ఉన్నంతసేపు బోగీలు, పని దిగితే ఫుట్‌బాలు. గురజాల కాడ పుట్టినోణ్ణి, నాకు తెలిసింది చెడుగుడు, కర్రాబిళ్ళ. కార్తీక మాసంలో కారంపూడి తిరునాళ్లకు పోయి వీరుల గుళ్లు చూసొచ్చేవాళ్లం, మహా అయితే కోటప్పకొండ ప్రభల కింద నిలబడి కర్రసాము చూసేవాళ్లం. ఒకడు బంతి తన్నితే వేలమంది లేచి అరుస్తారని అక్కడికి పోయిందాకా నాకు తెలవదు. వర్క్‌షాపులో నా పక్కన పనిచేసే ఫిట్టరు ఒకాయన ఉండేవాడు, పాతబస్తీ మనిషి, పని చేస్తానే బలరాం బలరాం అనేవాడు. ఆ బలరాం అప్పటికే కలకత్తా పోయాడు. అయినా ఈయన నోట్లో ఆ పేరు ఆగేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. బలరాం పుట్టింది 36లో. అమ్మానాన్నలు అరవోళ్లు. పిల్లోడు పుట్టిందీ పెరిగిందీ అమ్ముగూడలోనే. పేదిల్లు. ఆటంటే ఇంట్లో గిట్టదు. చదువుకుని సర్కారు ఆఫీసులో గుమస్తా అయితే చాలు తల్లికి. ఏ తల్లికైనా అంతేలే, మా అమ్మ కూడా అదే అన్నది. వాడేమో కంటోన్మెంటు మైదానాల ఎంబడి తిరిగేవాడు. పట్టాళమోళ్లు ఆడతా ఉంటే చూట్టం, వాళ్లు పోయాక తను ఆడటం. ఉత్త కాళ్లతోనే.

ఉత్త కాళ్లంటే నవ్వుతారేందిరా? మన నాపరాళ్ల మీద నేను పదహారేళ్లు చెప్పుల్లేకుండానే తిరిగా. నా మడమలు చూడు, ఇప్పటికీ పగుళ్లే. బంతాటలో దేశం దేశమే ఉత్త కాళ్లతో ఆడింది. 48లో లండన్ ఒలింపిక్స్‌కు పోయిన మన జట్టులో చాలామందికి బూట్లు లేవు. అట్టా ఆడి కూడా ఫ్రాన్సు మీద 2-1తోనే ఓడారు. 52లో హెల్సింకీ పోయారు. అక్కడ చలికి కాళ్లు కొయ్యబారి పోయి, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయి వచ్చారు. అప్పుడుగాని పెద్దలకు కళ్లు తెరుచుకోలా. ఇకనించి బూట్లేసుకుంటేనే ఆడాలి అన్నారు.

అనటం తేలికే. బూట్లెక్కడివి? బలరాంకు కొనిచ్చే నాథుడు లేడు. అప్పుడేం చేశాడంటే, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి చెప్పులు కుట్టేవాడి కాడికి తీసుకుపోయాడు, వీటిని ఆట బూట్లు చేసిపెట్టు అని. మీ ఊళ్లో లాగా పెట్టె తెరిస్తే దూదిలాంటి బూట్లు రావు గదా. ఆ రోజుల్లో ఆట బూటంటే అడుగున తోలు బిళ్లలు ఒకదాని మీదొకటి పేర్చి, చిన్న మేకులు దిగగొట్టి గుబ్బలు చెయ్యాలి. ఆడంగా ఆడంగా తోలు అరిగేది, మేకు పైకి లేచి పాదంలో దిగేది. వాన పడిందా, బూటు నీళ్లు తాగి కాలు లేవనిచ్చేది కాదు. బంతీ అంతే, అది తోలు బంతి. పైన షూ లేసు లాగా తాడుతో కుట్టుండేది, ఆ తాడున్న వైపు నుదుటికి తగిలిందంటే నెత్తురే. మా ఫిట్టరు నుదుటి మీద అట్టాంటి గాటొకటి ఉండేది, పెళ్లిచూపుల్లో కూడా దాన్ని గొప్పగా చూపెట్టాడంట.

ఆ పోలీసు బూట్ల కుర్రాడి మీద ఒకాయన చూపు పడింది. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబే. మొన్నామధ్య అజయ్ దేవగన్‌ది మైదాన్ అని సినిమా వచ్చింది గదా, ఆయన మీదే. బడిపంతులాయన. 50నించి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచి. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు 50నించి 54దాకా వరసగా 5 సార్లు కొట్టింది. అయిదేళ్లు ఇంకొకణ్ణి ముట్టుకోనియ్యలేదు. కానిస్టేబులు ఉద్యోగమిచ్చి ఆటగాళ్లను తెచ్చుకునేవాళ్లు. అప్పట్లో ఆటగాడికి జీతమంటే అదే. పోలీసో, రైల్వేనో, ఏదో ఒక కొలువు. ఆట ఆగిపోయినా నెలకింత వస్తదన్న ధీమా.

రహీం సాబ్ పిల్లల్ని తయారుచేసే పద్ధతి వింటే ముక్కున వేలేసుకుంటారు. ఒక పోటీ పెట్టేవాడంట, అందులో బంతిని కాలి కాడ పెట్టుకుని తిప్పకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో ఎవడికి ఏ కాలు చేతగాదో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో. చూసేవాళ్లకు నవ్వులాట. కొన్నాళ్లకు చూస్తే ఆ పిల్లలకు రెండు కాళ్లూ ఒకటే. బలరాంను ముందు వరసలో ఎడమ పక్క నిలబెట్టినా, నడుమ నిలబెట్టినా ఒకే తీరుగా ఆడేవాడని మా ఫిట్టరు చెప్తే నేను నమ్మేవాణ్ణి కాదు. తర్వాత పెద్ద పెద్దవాళ్లు కూడా అదే మాట రాశారు.

రహీం సాబ్ రమ్మన్నాడు గానీ పోవటమెట్టా? అమ్ముగూడ నించి హైదరాబాదు మైదానానికి రోజూ పోయి రావటమంటే మాటలా. బస్సుకు డబ్బుల్లేవు. ఇంట్లో అడిగే మొహం లేదు. సైకిలు అద్దెకు తీసుకుని రా, అద్దె డబ్బులు నేనిస్తా అన్నాడు రహీం సాబ్. ఆయనకు మటుకు ఏముంది, పంతులు జీతమే గదా. అయినా ఇచ్చాడు. అద్దె సైకిలు మీద ఆ కుర్రాడు పొద్దున్నే తొక్కుకుంటా పోయి, ఆడి, మళ్లీ తొక్కుకుంటా ఇల్లు చేరేవాడు. అక్కడికి పోయేసరికే సగం కసరత్తు అయిపోయేది.

56 వచ్చింది. ఆ ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా ఊళ్లో లౌడుస్పీకరు పెట్టి పప్పుబెల్లాలు పంచారు. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో కొట్టింది. నెవిల్ డిసౌజా 3 గోల్సు ఒక్కడే కొట్టాడు. హంగరీ జట్టు రాకపోవటంతో మొదటి ఆట ఆడకుండానే మనోళ్లు ముందుకు పోయారు, అది వేరే సంగతి. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే, ఆనక వాళ్లు 4 కొట్టారు. మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. ఆసియా దేశాల్లో ఒలింపిక్స్ సెమీస్ దాకా పోయిన మొదటి ఫుట్‌బాల్ జట్టు మనదే. కోచి రహీం సాబ్. జట్టులో హైదరాబాదోళ్లే దండిగా ఉన్నారు, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్. వాళ్లలో మన బలరాం. 20 ఏళ్లు.

నిన్నటిదాకా అద్దె సైకిలు తొక్కినోడు విమానమెక్కి ఆస్ట్రేలియా పోయొచ్చాడు. ఇక ఊరుకుంటారా? 57లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బువాళ్లు పిలుచుకుపోయారు.

కలకత్తా సంగతి వేరు. అక్కడ ఫుట్‌బాలు తిండి కంటే ముందు. దేశం రెండు ముక్కలయినప్పుడు తూర్పు బెంగాలు నించి కట్టుబట్టలతో వచ్చినోళ్లు లక్షల మంది. వాళ్లకు ఈస్ట్ బెంగాల్ జట్టంటే పోయిన ఊరు తిరిగొచ్చినట్టే. ఆ జట్టుకు దక్షిణాదివాళ్లంటే ముందునించీ నమ్మకం. బలరాం కంటే ముందు అయిదుగురు ఉండేవాళ్లు, వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే, పంచపాండవులని పేరు. అంత పేరున్న జట్టులోకి ఈ కుర్రాడు పోయి, అయిదేళ్లలో వందకు పైగా గోల్సు కొట్టాడు. 61లో కెప్టెన్. ఆ ఏడు కలకత్తా లీగు గెలిపించాడు, 23 గోల్సుతో లీగంతటికీ మొనగాడు తనే. లాలాగూడలో ఆ రోజు మా ఫిట్టరు అందరికీ చాయ్ తాగించాడు. ఖాతా రాయించి తాగించాడు, అది తీరటానికి రెండు నెలలు పట్టింది.

చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం. దేశపు జట్టులో ఈ ముగ్గురూ ముందు వరసలో ఉంటే ఎదుటి జట్టుకు నిద్రపట్టేది కాదంటారు. 60లో రోమ్ ఒలింపిక్స్. హంగరీ, ఫ్రాన్సు, పెరూ, అన్నీ గట్టి జట్లే. హంగరీ మీద 2-1తో ఓడాం, మన గోలు బలరాందే. ఫ్రాన్సుతో 1-1, గోలు పి.కె.ది. పెరూ మీద 3-1తో ఓడాం, ఆ ఒక్కటీ మళ్లీ బలరాందే.

62, జకార్తా, ఆసియా ఆటలు. ఇది చెప్పకపోతే ముచ్చట చెప్పినట్టే కాదు. ఇండోనేషియా వాళ్లు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానియ్యలేదు. ఆటల సంఘంలో ఉన్న మన పెద్దాయన సోంధీ అది తప్పన్నాడు. ఊరంతా మనోళ్ల మీద పగబట్టింది. మన ఆటగాళ్లు మైదానంలోకి వస్తే కూతలు, ఈలలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో కొట్టారు. జపాన్ మీద ఒక గోలు పి.కె.ది, ఒకటి బలరాంది. ఆ థాయ్‌లాండ్ ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. అసలు ఆయన వెనక నిలబడి అడ్డుకునేవాడు. రహీం సాబ్ ఏం చేశాడు, కుట్లేసిన తలతోటే ఆయన్ను తీసుకుపోయి ముందు వరసలో పెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. లక్షమంది జనం, అంతా మనకు ఎదురు. మనవైపు చప్పట్లు కొట్టింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టోళ్లు! 17వ నిమిషంలో పి.కె. గోలు, 20వ నిమిషంలో ఆ కుట్ల తల జర్నైల్ గోలు. 2-1. బంగారం మనది.

నువ్వు పొద్దున చెప్పావే అబ్బాయ్, మీ అమెరికా ఆటలో తలలు గుద్దుకుని గుద్దుకుని మెదడు దెబ్బతింటదని. పిట్స్‌బర్గ్ జట్టులో మైక్ వెబ్‌స్టర్ అని, 4 సూపర్ బౌల్సు గెలిచినోడు, చివరికి తన బండిలో పడుకునే గతి పట్టి 2002లో 50 ఏళ్లకే పోయాడని. ఆయన మెదడు కోసి చూసిన ఒమాలు అనే డాక్టరు వల్లే ఆ జబ్బు సంగతి బయటపడిందని. అది విన్నప్పటినించీ నాకు జర్నైల్ సింగే గుర్తొస్తున్నాడు. అప్పుడు మేమంతా ఆహా ఓహో అన్నాం. కుట్లేసిన తలతో గోలు కొట్టాడు, మగాడంటే వాడూ అన్నాం. ఇవాళ నా మనవడు ఆ తలతో ఆడతానంటే ఆడనిస్తానా? చచ్చినా ఆడనివ్వను.

జకార్తా నించి వచ్చాక బలరాంకు అర్జున అవార్డు ఇచ్చారు. ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్. జట్టులో, అంటే రైల్వేలో చేరాడు. మా రైల్వేలోనే చేరాడని మాకెంత మురిపెమో! ఆ మురిపెం ఏడాది కూడా నిలవలేదు. 63లో ప్లూరసీ పట్టుకుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాచిపోద్ది, గాలి పీల్చితే పక్కలో పోట్లు. పరుగెత్తటమే బతుకైనవాడికి గాలి పీల్చటమే కష్టమైతే ఇంకేముంది? డాక్టర్లు ఆట మానమన్నారు. 27 ఏళ్లు. మనిషి ఆటలో పండే వయసు. నువ్వన్న ఆ మూడు నాలుగేళ్ల లెక్క కంటే కాస్త ఎక్కువే ఆడాడు, కాకపోతే కోట్లు లేవు.

అదే 63, జూన్ 11న రహీం సాబ్ పోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సరు. జకార్తా నాటికే ఆయన ఒంట్లో అది ఉంది. గురువుకూ అక్కడే, శిష్యుడికీ అక్కడే. ఆ ఏడాదితో హైదరాబాదు ఫుట్‌బాలు వెన్ను విరిగింది. మా ఫిట్టరు ఆ తర్వాత మ్యాచీలకు పోవటం తగ్గించాడు. ఎందుకు సాబ్ అంటే, ఇప్పుడు ఎవరున్నారు చూట్టానికి అనేవాడు. అది మాత్రం అన్యాయం మాట. ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సైకిలు అద్దె ఇచ్చేవాళ్లే లేరు.

బలరాం మళ్లీ ఇటు రాలేదు. కలకత్తా పక్కన ఉత్తరపారాలో హుగ్లీ ఒడ్డున చిన్న ఫ్లాటులో ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే కొలువు చేసుకున్నాడు, కుర్రాళ్లకు ఆట నేర్పాడు, దేశపు జట్టును ఎంపిక చేసే కమిటీలో కూర్చున్నాడు. తనను పట్టించుకోలేదన్న బాధ ఆయన దాచుకోలేదు, పేపరోళ్లు అడిగితే మొహమాటం లేకుండా చెప్పేవాడు. కొందరు అన్నారు, ముసలాయనకు చాదస్తం, కోపం ఎక్కువని. నేనంటా, కోపం రాకపోతేనే తప్పు. చున్నీ గోస్వామికి 83లో పద్మశ్రీ వచ్చింది. పి.కె. బెనర్జీకి 90లో వచ్చింది. ఇద్దరూ తగినోళ్లే, వంక పెట్టటానికి లేదు. పక్కనే నిలబడి ఆడిన మూడోవాడికి ఏమొచ్చింది? ఏ పద్మమూ రాలా.

2020లో ఆ ఇద్దరూ నెల తేడాతో, మార్చిలో పి.కె., ఏప్రిల్లో చున్నీ పోయారు. బలరాం ఇంకో మూడేళ్లు ఒంటరిగా ఉండి 2023 ఫిబ్రవరి 16న పోయాడు. 86 ఏళ్లు. మన తెలుగు పేపర్లలో ఆటల పేజీలో ఓ మూలన వేశారు. ఆ మూల కూడా నేను వెతుక్కుంటే కనపడింది.

ఏందే అమ్మాయ్, నిద్రొస్తా ఉందా? ఇంకొక్క మాట, అయిపాయె. రోమ్‌లో పెరూ మీద బలరాం కొట్టిన గోలు చెప్పాను గదా, 60లో. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోద్దనగా కొట్టాడు. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు పోనే లేదు, ఈనాటిదాకా. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం కొట్టిన ఆఖరి గోలు అమ్ముగూడ బలరాందే.